శనగల గోడౌన్‌లో అక్క

పెళ్లయిన కొత్తలో జమ్మలమడుగు దగ్గరి మా అత్తగారి ఊరి నుంచి రోజూ బస్సెక్కి, ప్రొద్దుటూరు శివార్లలోని శనగల గోడౌన్‌కు పనికి వెళ్లేదాన్ని. మా అత్త అప్పటికే అక్కడ పని చేస్తుండేది. ఆడవాళ్లం శనగలు జల్లించి, రాళ్లూ పుచ్చులూ ఏరి సంచులకు ఎత్తేవాళ్లం. కూలి సంచి లెక్కన. పైన రేకులు, కింద సిమెంటు గచ్చు. ఎండాకాలం ఆ రేకుల కింద పీల్చే గాలి కూడా ముక్కులో కాలేది.

ఊళ్లు పార్టీలుగా చీలిపోయి ఉన్న రోజులవి. మాది ఒక పార్టీ, పెన్నా నదికి అవతలి ఊరిది ఇంకో పార్టీ. రెండు ఊళ్ల ఆడవాళ్లమూ ఆ గోడౌన్‌కే వచ్చేవాళ్లం. మేస్త్రీ మమ్మల్ని ఈ చివర, వాళ్లను ఆ చివర కూర్చోబెట్టేవాడు. గొడవలు రాకుండా అలా చేస్తున్నాడని నేను అనుకునేదాన్ని.

అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ప్రహరీ దాటి కంపచెట్ల చాటుకు వెళ్లాలి. లారీలవాళ్లు తిరిగే చోటు కాబట్టి తోడు లేకుండా ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. నేను కడుపుతో ఉన్నాను. అత్త రాని ఒక రోజున తోడు అడిగితే మా ఊరివాళ్లెవరూ లేవలేదు. లేస్తే సంచి తగ్గుతుంది మరి. ఆపుకోలేక ఒక్కదాన్నే బయల్దేరాను. వెనక అడుగులు వినిపించి తిరిగి చూస్తే అవతలి ఊరి మనిషి. నాకన్నా బాగా పెద్దది.

"ఒక్కదానివే యాడికి పోతాండావు? పద, నేను నిలబడతా" అంది.

కొంగు అడ్డం పట్టుకుని, నాకు వీపు పెట్టి నిలబడింది. తిరిగి వస్తూ, "మీ ఊరోళ్లు చూస్తే ఏమన్నా అంటారేమో అక్కా" అన్నాను.

"పోసుకునేదానికి గూడా పార్టీ ఏందిమ్మే" అంది.

ఆ రోజు నుంచి మేమిద్దరం సంచుల వెనక కూర్చుని తినేవాళ్లం. ఆమె గిన్నె మూత తీసే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది. అంతసేపూ నేనూ ముద్ద పట్టుకుని ఆగేదాన్ని. వేవిళ్లతో ఏదీ సయించని నాకు ఆమె తెచ్చే ఊరిబిండి పచ్చడి ఒక్కటే నోటికి రుచించేది.

మరుగుదొడ్డి కట్టమని, సంచికి కూలి పెంచమని అడుగుదామన్నది ఆమే.

"మేం అడిగితే షావుకారు మమ్మల్ని తీసేసి మీతో చేయించుకుంటాడు. మీరు అడిగితే మాతో చేయించుకుంటాడు. అందరం కలిసి అడిగితే ఎవరితో చేయించుకుంటాడు?"

మమ్మల్ని చెరో చివర ఎందుకు కూర్చోబెట్టారో నాకు అప్పుడు అర్థమైంది. ఆ మాట మా అత్తకు చెప్పాను. అత్త మిగతావాళ్లకు చెప్పింది. ఒక పొద్దున రెండు ఊళ్ల ఆడవాళ్లమూ లోపలికి పోకుండా గేటు ముందు కూర్చున్నాం.

మేస్త్రీ మా వైపుకు వచ్చి, "వాళ్ల పక్కన కూచ్చుండారని మీ మొగోళ్లకు తెలిస్తే ఏమైతాదో తెలుసా?" అన్నాడు.

"మా మొగోళ్లకు మేం చెప్పుకుంటాం లేప్పా. నువ్వు పోయి షావుకారికి చెప్పు" అంది మా అత్త.

లోడు కోసం వచ్చిన లారీలు అలాగే నిలబడిపోయాయి. మధ్యాహ్నానికి షావుకారు దిగొచ్చాడు. కూలి పెద్దగా పెంచలేదు కానీ, మరుగుదొడ్డికి ఇటుక గోడలు లేపి రేకు తలుపు పెట్టించాడు. ఆ సాయంత్రం బజ్జీలు కొనుక్కుని అందరం ఒకే బస్సెక్కాం. అంత నవ్వు ఆ బస్సులో మళ్లీ వినలేదు.

తర్వాత ఎన్నికలొచ్చాయి. మా ఊళ్లో బాంబులు పడ్డాయి. బస్సులు ఆగిపోయాయి, మగవాళ్లు ఊరు విడిచిపోయారు. ఆ భయంలోనే నాకు కొడుకు పుట్టాడు. నేను తిరిగి పనికి వెళ్లేసరికి గోడౌన్‌లో అవతలి చివర ఖాళీగా ఉంది. అక్క వాళ్లు ఇల్లు వదిలేసి పులివెందుల వైపు చీనీ, అంటే బత్తాయి తోటల్లో పనికి పోయారని ఎవరో చెప్పారు. పిల్లాణ్ణి ఆమెకు చూపించనేలేదు.

ఏళ్ల తర్వాత పులివెందులలో బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు చీనీ మండీకి పోయి, కాయలు ఏరుతున్న ఆడవాళ్లను అక్క గురించి అడిగాను. ఒకామె గుర్తుపట్టింది.

"ఆయమ్మా? కువైట్‌కు పోయి శానా రోజులాయె. యాడో ఇంట్లో పనికి."

ఇప్పుడు నేను ఎర్రగుంట్ల రోడ్డులో పార్శిళ్ల గోడౌన్‌లో పని చేస్తున్నాను. ఫ్యాన్లున్నాయి, చల్లటి నీళ్లున్నాయి, టైల్స్ వేసిన మరుగుదొడ్లున్నాయి. జీతం బ్యాంకులో పడుతుంది. కానీ మమ్మల్ని పెట్టుకున్నది కాంట్రాక్టరు. పైన యజమాని ఎవరో మాకు తెలియదు. పనిగంటలన్నీ నిలబడే ఉండాలి. ఎన్ని పెట్టెలు కట్టామో చేతిలోని మిషన్ చెబుతూ ఉంటుంది. మరుగుదొడ్డి నుంచి కాస్త ఆలస్యంగా వస్తే ఎక్కడికి పోయావని సూపర్‌వైజర్ అడుగుతాడు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, స్టూలు ఇవ్వమంటే రూల్ లేదన్నాడు. మాలో ఎవరిది ఏ పార్టీ అని ఇక్కడ ఎవరూ అడగరు. ఏ ఊరని కూడా అడగరు. పక్కన నిలబడే పిల్లకు పెళ్లయిందో లేదో నాకు తెలియదు.

అన్నం గిన్నె తెరిచినప్పుడల్లా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అక్క ఉంటే ఈ పాటికి ఒక్కొక్కరి దగ్గరికీ పోయి మాట కలిపి ఉండేది. ఆమె తిరిగొచ్చిందో లేదో తెలియదు. కడప బస్టాండులో కువైట్ నుంచి వచ్చిన ఆడవాళ్లు పెద్ద పెద్ద పెట్టెలతో కనిపిస్తే, నా బస్సు పోతున్నా సరే, దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరి ముఖమూ చూస్తాను.