ఇంటికో మనిషి

మంచి చేతిరాత వల్ల మనిషికి కలిగే నష్టాల గురించి ఎవరూ రాసినట్టు నేను చూడలేదు. రాయగలిగిన వాళ్లకు తీరిక దొరకదు, పక్కింటి వాళ్ల లగ్గం పత్రికలు రాస్తుంటారు. సూర్యాపేటలో మా బజారు వాళ్లందరి అర్జీలూ, వియ్యంకులకు పంపే క్షేమసమాచారాలూ నా చేతి మీదుగానే పోయేవి. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు గోడ తగాదాలో ఒకరి మీద ఒకరు పెట్టుకున్న అర్జీలు రెండూ నేనే రాశాను. రెండూ బాగున్నాయని కచేరిలో అన్నారట. గోడ మాత్రం తేలలేదు.

అందుకే బజారు బాగు చేయించడానికి కమిటీ పెట్టినప్పుడు, అధ్యక్షుడెవరన్న దాని మీద రెండు ఆదివారాలు గడిచాయి గానీ, రాసేదెవరన్న దాని మీద నిమిషం కూడా పట్టలేదు.

రజాకార్ల రోజులు పోయి మిలిటరీ వచ్చిన మరుసటి వానకాలం అది. అంతకుముందు పొద్దు గూకకముందే తలుపులు వేసుకుని లోపల కూచున్న ఊరు, ఇప్పుడు లోపల కూచోలేకపోతున్నది. బజారులో ఎవరిని చూసినా ఎక్కడికో బయలుదేరినట్టే ఉండేవారు. ఎక్కడికని అడిగితే, "ఊకెనే" అనేవారు. నేనూ అంతే. హైదరాబాదులో ఉర్దూలో బి.ఏ. చదివి వచ్చాను. నా చదువు అయిపోవడమూ, ఆ భాషకు కచేరీల్లో పని తగ్గడమూ ఇంచుమించు ఒకేసారి జరిగాయి. రోజుకు మూడుసార్లు బస్సులు ఆగే చోటికి వెళ్లి, ఏ బస్సూ ఎక్కకుండా ఇంటికి వచ్చేవాణ్ని.

మా బజారు పెద్ద సడకు దగ్గర మొదలై అంగడి దాకా పోతుంది. ఎండకాలం దుమ్ము, వానకాలం బురద. మధ్యలో బజారు అనదగ్గది పదిహేను రోజులుండేది. ఆ ఏడు మొదటి ముసురుకే పల్లికాయ బండి ఒకటి ఇరుసుదాకా దిగబడి మూడు రోజులు మా ఇంటిముందే ఉంది. నాలుగో రోజు వకీలు సాబు కచేరికి పోతూ ఎడమకాలి బూటును బురదకు అప్పజెప్పి వచ్చాడు. బండి దిగబడితే బండివాడి ఖర్మ. వకీలు సాబు బూటు దిగబడితే కమిటీ. మొరం పోయించాలి, పక్కన మోరీ తవ్వించాలి. దాని మీద ఎవరికీ భేదాభిప్రాయం లేదు. డబ్బులు ఎవరివన్న ఒక్కటే మిగిలింది.

ఆదివారాలు కమిటీ వాళ్లం నూనె దుకాణంలో డబ్బాల మధ్య కూచునేవాళ్లం. కూచునేవాళ్లం అన్నది మర్యాదకు. వకీలు సాబు జేబు గడియారం తీసి, ముల్లు చూడకుండానే మళ్లీ లోపల పెట్టేవాడు. నూనె సేటు లేచి గడప దాకా పోయి వచ్చేవాడు. బండ్ల ఆసామి ఒకాయన, ఆరు బండ్లు కిరాయికి తోలేవాడు, అసలు కూచునేవాడే కాదు.

"ఇంటికింత అని ఏద్దాం," అన్నాడు సేటు.

"అట్లెట్లయితది సేటూ?" అన్నాడు బండ్ల ఆసామి. "నీ దుకాణం బారెడు, నా ఇల్లు మూరెడు. ఇంటి మొగం ఎంత ఎడల్పుంటే అంత ఇయ్యాలె."

"నా దుకాణం ఎడల్పు ఏడుందయ్యా? లోతు ఎక్కువ, అంతే."

తాడు పట్టుకుని కొలవడానికి పోయాం. సేటు దుకాణానికి రెండు వాకిళ్లున్నాయి. రెండోది తన తాత పోయిన నాటి నుంచి తెరవలేదనీ, తెరవనిది వాకిలి కింద లెక్కకు రాదనీ ఆయన వాదించాడు. అప్పుడే అందులోంచి ఆయన తమ్ముడు నూనెడబ్బా పట్టుకుని బయటికి వచ్చాడు. వచ్చే ఆదివారానికి ఆ వాకిలికి అడ్డంగా పలకలు కొట్టి ఉన్నాయి.

ఇంకో ఆదివారం హాలీ సిక్కాలో వసూలు చేయాలా, కల్దారులోనా అన్న దాని మీద పోయింది. అప్పటికి నిజాముదీ, ఇండియాదీ రెండు రకాల రూపాయలూ నడుస్తున్నాయి. ఏ రూపాయి ఎన్నాళ్లుంటుందో తెలియనప్పుడు ఇప్పుడే ఇయ్యడం తెలివితక్కువ అని వకీలు సాబు తేల్చాడు. ఆ రోజు అందరూ తృప్తిగా ఇళ్లకు పోయారు.

చివరికి, "ఏమయ్యా బి.ఏ., ఊకె ఉంటివి గద. కోదాడ, మిర్యాలగూడెం పోయి గాడ ఎట్ల జేసిండ్రో అర్సుకొని రా," అన్నాడు వకీలు సాబు. నేను ఎక్కదలచిన బస్సు దొరికింది.

కోదాడలో మాకు దూరపు చుట్టం ఒకాయన ఉన్నాడు. బండికింత అని సుంకం పెట్టామన్నాడు. "పెట్టిన వారం బాగానే ఉంది బాబూ. ఆ తరవాత బండ్లన్నీ ఊరి వెనకనించి పోవడం మొదలెట్టాయి. ఇప్పుడు ఆ వెనక దారి కూడా గుంటలు పడింది. దానిక్కూడా ఎక్కడన్నా చందా దొరుకుద్దేమో చూడు."

మిర్యాలగూడెంలో మటుకు అంగడి బజారు చూసి నేను నిలబడిపోయాను. ముసురు పడుతున్నది, అయినా మడమ దిగబడలేదు. ఎర్రటి మొరం, గట్టిగా దిమ్మిస చేసి ఉంది. అక్కడ పాత రోజుల్లో కచేరిలో గుమాస్తా పని చేసిన ముసలాయన ఒకాయనను పట్టుకుని, పైసలు ఎట్లా వసూలు చేశారని అడిగాను.

"పైసలెందుకు?" అన్నాడాయన, పాన్ నములుతూ. "ఇంటికో మనిషి. అంతే. పన్నెండు దినాలల్ల ఖతం."

ఇంటికో మనిషి! బస్సులో వస్తూ ఆ మాటను అన్ని వైపుల నుంచీ తిప్పి చూశాను. వెడల్పు లేదు, లోతు లేదు, సిక్కా లేదు, కల్దారు లేదు. ఉన్నవాడైనా లేనివాడైనా ఒక్క మనిషి. కాలేజీలో మాకు సమానత్వం గురించి చాలా చెప్పారు గానీ, అది మొరం గంప రూపంలో ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆ ముసలాయనను ఇంకో ప్రశ్న అడగవలసి ఉండె. అడగలేదు. బస్సుకు వేళయింది.

ఆ ఆదివారం నేను తీర్మానం చదివి వినిపించాను. ఇంటికో మనిషి నాలుగు రోజులు పనికి రావాలి. ఎల్లుండి పొద్దున్నే మొదలు. వీలుగాని వాళ్లు బదులు పైసలు ఇవ్వవచ్చు, పంట చేతికొచ్చాక. ఆ చివరి ముక్క వకీలు సాబు చేర్పించాడు. అయిదు ఆదివారాలు ఒక్క మాట మీదికి రాని మనుషులు ఒక్క నిమిషంలో ఒప్పుకున్నారు. సేటు నాకు చాయ్ కూడా తెప్పించాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

కాగితం పట్టుకుని ఇంటింటికీ బయలుదేరాను. మొదటి ఇల్లు మాదే. ఇంట్లో మగవాళ్లం ఇద్దరం, మా నాయనా నేనూ. "మనకు బదులు రాయి," అన్నాడు నాయన, తల ఎత్తకుండా. రాశాను. వకీలు సాబు, బదులు. సేటు, బదులు. బండ్ల ఆసామి బండ్లు ఇస్తాను, మనిషిని ఇవ్వనన్నాడు. అది కూడా బదులు కిందికే వచ్చింది. ఆ మాట రాసీ రాసీ చేయి తిరిగింది. చూడటానికి ముచ్చటగా ఉంది.

బజారు కొసకు గొర్రెల మందలున్న ఇండ్లు అయిదారు ఉన్నాయి. మొదటి ఇంటి ముందు ఒకామె అప్పుడే వరినాటు నుంచి వచ్చి మోకాళ్ల దాకా ఉన్న బురద కడుక్కుంటున్నది. ఆమె పెనిమిటి మందను తోలుకొని హాలియా వైపు పోయి నెల దాటింది. ఇంట్లో ఉన్నది తను, లేవలేని అత్త. ఇక్కడ మేపు దొరికేదాకా ఆయన రాడు. అంతవరకు పొయ్యి మీదికి వచ్చేది ఆమె నాటు కూలి గింజలే. ఇవన్నీ నాకు తెలుసు. ఆ ఇంటి ఉత్తరాలు రాసేది నేనే.

తీర్మానం చదివాను. వింటూ రెండో కాలు కూడా కడుక్కున్నది.

"నాట్లు ఇంకో వారమే ఉంటయి సారూ," అన్నది. రెండేండ్ల కిందటయితే ఆ మాటకు ముందొక "నీ బాంచెను" ఉండేది. ఆ ఏడు ఊళ్లో ఆ బానిస మాట దొరకడం లేదు. "నాలుగు దినాలు నేను గంప మోస్తె మా అత్త ఏం తింటది?"

"బదులు పైసలు ఇయ్యొచ్చు," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. నేను కాగితం చూసుకున్నాను.

"గీ ఉపాయం ఎవలు జెప్పిండ్రు?"

"మిర్యాలగూడెంల గిట్లనే జేసిండ్రట. ఇంటికో మనిషి. బజారు మంచిగుంది, నేను కండ్లార చూసిన."

"ఎందుకుండది?" అన్నది. "గా మొరం మోసినోళ్లల్ల నేనొకదాన్ని. అప్పుడింక లగ్గం గాలే, గాడనే మా అవ్వగారింట్ల ఉంటి. చౌకీదారొచ్చి మా వాడల ఇంటికొక మనిషిని తోలుకపోయిండు. పన్నెండు దినాలు. జొన్న గట్క మేమే కట్టుకపోయినం. కూలి అడిగితె కట్టె సూపిచ్చిండ్రు."

"ఆ బజారు వాళ్ల ఇండ్లల్లకెల్లి ఎవలు మోసిండ్రు?"

"ఆళ్లు అరుగుల మీద కూసోని సూసిండ్రు. మంచినీళ్లయితె పోసిండ్రు, అబద్ధమెందుకు."

ఎవరి ఇంటికో మనిషి అని నేను అడగని ప్రశ్నకు జవాబు కోసం ఆ ముసలాయన ఊరిదాకా పోనక్కర లేదు. మా బజారు కొసకు, మా ఇంటికి నలభై అడుగుల్లో ఉంది.

ఇది అట్లాంటిది కాదన్నాను. వెట్టి పోయింది, ఇది కమిటీ తీర్మానం, ఇందులో పెద్దా చిన్నా లేదు అన్నాను. బి.ఏ.లో నేర్చుకున్న మాటలు ఇంకా రెండు మూడు అన్నాను. ఆమె విన్నది. చీర కొంగుకు చేతులు తుడుచుకుని, కాగితం అందుకుని, తడి తగలకుండా అంచులు పట్టుకుని చూసింది. చదువు రాదు. పై నుంచి కింది దాకా వరసగా ఒకే మాట ఉండటం మాత్రం కనిపించింది. దాని మీద వేలు పెట్టి, ఇదేంది అని అడిగింది. చెప్పాను. ఇంకోదాని మీద పెట్టింది. అదీ అదే అన్నాను. అట్లా వేలు జరుపుకుంటూ మొదటి వరస దాకా వచ్చింది. అది మా ఇల్లు.

కాగితం నా చేతిలో పెట్టింది.

"రాతయితె మంచిగున్నది సారూ. మీ ఇంట్లకెల్లి గంప ఎత్తెటోళ్లెవలు?"