నేను సంతకం పెట్టిన జాబితా

ఎనభైల మొదట్లో వరంగల్‌లో మా హైస్కూలు వరండాలో పోలీసు పికెట్ పెట్టారు. నలుగురు కానిస్టేబుళ్లు, వాళ్ల మీద ఒక జమేదారు. ఊళ్లో విద్యార్థుల గొడవలు జరుగుతున్న రోజులవి. పెద్దసారు జబ్బుపడి సెలవు పెట్టడంతో ఇన్‌చార్జి కుర్చీ నాకు అంటగట్టారు. లెక్కలు చెప్పుకునేదాన్ని, నాకెందుకొచ్చిన పెత్తనమిది అని గొణుక్కుంటూనే కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, కూర్చున్నాక బాగానే అనిపించింది.

మొదటి వారం వాళ్లు బీడీలు కాల్చుకుంటూ గడిపారు. రెండో వారం జమేదారు ఆఫీసులోకి వచ్చి, "మేడం, బడికి రాని పోరగాండ్ల పేర్లు రోజు జర రాసియ్యుండ్రి" అన్నాడు. ఎందుకని అడగాలి కదా! అడగలేదు. పైనుంచి కాగితం ఏమైనా వచ్చిందా అనీ అడగలేదు. గుమాస్తా హాజరు పట్టీలు చూసి పేర్లు రాసేవాడు, నేను కింద సంతకం గిలికేదాన్ని.

మా పిల్లల్లో సగం మంది కొత్తవాడ వాళ్లు. ఇళ్లలో జంపఖానాలు నేస్తారు. మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించే రోజు ఇంట్లో ఉన్న చేతులన్నీ కావాలి. చిక్కులు తీయడానికి, పాత పోగు కొసకు కొత్త పోగు అతకడానికి పిల్లలు ఉండిపోతారు. ఒకటి రెండు రోజులు రారు, మూడోనాడు వేళ్లకు రంగుతో వస్తారు. పదేళ్లుగా ఆ బడిలో ఉన్న నాకు ఈ సంగతి కొట్టినపిండి. పేరు పక్కన 'పడుగు పని' అని రెండు ముక్కలు రాస్తే నా సొమ్మేం పోయేది? రాయలేదు. జమేదారు దృష్టిలో వరసగా రెండు రోజులు రానివాడు అడవిలో నక్సలైట్ల మీటింగుకు పోయినట్టే.

ఒకరోజు పొద్దున పదో తరగతి పిల్లవాడి తండ్రి వచ్చి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, నిన్న మా పోరన్ని మగ్గం కాడికెల్లి లేపి ఠాణకు తీస్కపోయిండ్రు. ఏం జేసిండని?"

"నేను కనుక్కుంటనన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి వెళ్లిపోయాడు. నేను వెంటనే గుమాస్తాను పిలిచి, "ఎవరైనా అడిగితే ఆ జాబితా నువ్వే ఇచ్చినవని చెప్పు" అన్నాను. "నా నౌకరి పోదా మేడం?" అన్నాడు పాపం. ఛీ, తప్పు అతని మీదికి నెట్టే ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

హాజరు పట్టీలు చంకలో పెట్టుకుని ఠాణాకు వెళ్లాను. పిల్లవాడు ఏయే రోజుల్లో రాలేదో, అప్పుడల్లా వాళ్లింట్లో పడుగు ఎలా ఎక్కిందో చెప్పాను. ఇన్‌స్పెక్టర్ ఓపికగా విని, "ఇదంతా మీకు ముందే తెలుసు కదమ్మా. మరి సంతకం పెట్టి ఎందుకు పంపారు?" అన్నాడు. నేను పట్టీలు మూసి మళ్లీ చంకలో పెట్టుకున్నాను. మూడో రోజు వాణ్ణి వదిలిపెట్టారు. అరికాళ్లు వాచిపోయి పిల్లవాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. పైగా వారం వారం ఠాణాకు వచ్చి కనబడాలట.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. "ఆ జాబితా ఇచ్చింది నేనేనన్నా" అన్నాను. తండ్రి మగ్గం ఆపలేదు.

"ఎర్కనే అమ్మా. మీ దగ్గరికి రాకముందే ఠాణల జాబితా కింద మీ దస్కతు సూపెట్టిండ్రు."

"మరి ఆ రోజే నన్నెందుకు అడగలేదు?"

"మీరే జెప్తరేమోనని సూసిన."

మర్నాటి నుంచి జాబితా ఇవ్వడం మానేశాను. జమేదారు, "పైకి రాస్త" అని గుడ్లురిమాడు. రాసుకోమన్నాను. కానీ పిల్లలు నన్ను నమ్మలేదు, ఎందుకు నమ్ముతారు? ఒక్కరూ బడి మానడం లేదు. జ్వరంతో కూడా వచ్చి బెంచీల మీద వణుకుతూ కూర్చునేవాళ్లు. ఆ పిల్లవాడు మాత్రం వారం వారం ఠాణాకు పోతూనే ఉన్నాడు.

రెండు నెలలకు తనిఖీ అధికారి వచ్చారు. హాజరు పట్టీలు తిరగేసి మురిసిపోయారు. "శభాష్! ఎట్లా సాధించారమ్మా?"

"పోలీసులకు భయపడి వస్తున్నారండీ. ఆ భయం పెట్టింది నేను" అని జరిగిందంతా చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టేశారు. "ఇవన్నీ రిపోర్టులోకెందుకు? పోలీసుల సంగతి మన చేతుల్లో లేదు."

"నా సంతకం నా చేతిలోనే ఉందిగా" అన్నాను. తనిఖీ పుస్తకం నా వైపు లాక్కుని రాశాను. ఈ పికెట్ ఎవరికి జవాబు చెప్పాలో బడిలో ఎవరికీ తెలియదని, ఏ ఉత్తర్వూ లేకుండా పిల్లల పేర్లు ఇచ్చింది నేనేనని, ఆ పిల్లవాడి తప్పేమీ లేదని, ఠాణా పుస్తకంలోంచి వాడి పేరు తీసేయాలని. నకలొకటి జిల్లా పోలీసు అధికారికి రిజిస్టరు పోస్టులో పంపాను.

నెల తిరగకముందే పిల్లవాడిని ఇక ఠాణాకు రావద్దన్నారు. ఆ వారంలోనే నాకు బదిలీ కాగితం వచ్చింది. పికెట్ అక్కడే ఉంది.

నన్ను వేసింది ములుగు అవతల, బస్సు దిగి రెండు మైళ్లు నడిచి చేరాల్సిన బడికి. అక్కడి పెద్దసారు నా కాగితాలు చూసి జాలిగా నవ్వారు. "ఈడికి పనిష్‌మెంటు మీదనే వస్తరు మేడం. ఏం తప్పు జేసిండ్రు?"

"తప్పు చేసినప్పుడు ఎవరూ ఏమీ అనలేదండీ. ఒప్పుకున్నందుకు పంపారు" అన్నాను.