బుద్రక్క మెడ

ఈ పొద్దున ఒక గూడెంలో ఉప్పు మీద పరీక్ష మందు చుక్క వేశాను. తెల్లటి ఉప్పు వంకాయ రంగుకు తిరిగింది. అంటే అయోడిన్ ఉందన్నమాట. ఆ రంగు చూస్తే నాకు ఇప్పటికీ బుద్రక్కే గుర్తొస్తుంది. మా అరకు కొండల్లో పాతికేళ్ళు నర్సుగా తిరిగిన మనిషి. ఏ ఇంటికి వెళ్ళినా ముందు వంటింటి ఉప్పు చూసి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరించేది. ఆశా కార్యకర్తగా నాకు పని నేర్పింది ఆవిడే.

మెడ పరీక్ష నేర్పడానికి తన మెడే ఇచ్చింది. నన్ను వెనక నిలబెట్టి, చెంబుతో నీళ్ళు పట్టుకుని కూర్చుంది.

"గుటకేస్తాను. నీ యేళ్ళ కింద ఏటి కదుల్తందో సెప్పు, గుంటా" అంది.

కుడివైపు చింతపిక్కంత గడ్డ గట్టిగా తగిలింది. "అక్కా, రాయిలాగుంది" అన్నాను.

"మా సిన్నప్పుడు అయోడిన్ ఉప్పెక్కడిదే? కొండోల్ల మెడలింతే" అని నవ్వేసింది.

ఇన్ని వేల మెడలు చూసిన మనిషికి తన మెడ సంగతి తెలియదా అనుకున్నాను. పని నేర్పేవాళ్ళకే ఎదురు చెప్పేంత దాన్నా అని నోరు మూసుకున్నాను. అందుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

ఏడాది తిరిగేసరికి ఆవిడ గొంతు బొంగురుపోయింది. విశాఖపట్నంలో చూపిస్తే, అది అయోడిన్ లోపం వల్ల వచ్చిన వాపు కాదు, థైరాయిడ్‌కు అరుదుగా వచ్చే క్యాన్సర్ అన్నారు. అప్పటికే కాలేయానికి పాకింది. గడ్డలో జన్యువు ఒకటి చెడిందని పరీక్షలో తేలాక, ఆ ఒక్క లోపాన్నే అణిచే గోళీలు మొదలుపెట్టారు.

"గడ్డిమందు కొడితే సేనంతా మాడిపోద్ది. ఇది అలక్కాదే, కలుపునొక్కదాన్నే సూసి పీకుతాది" అని నాకు వివరించింది.

నిజంగానే కొన్ని నెలల్లో మెడలోని గడ్డలు కరిగాయి. మళ్ళీ సంచీ భుజాన వేసుకుని కొండెక్కింది. గండం గడిచిందని మేమంతా సంబరపడ్డాం.

చిక్కు అక్కడే వచ్చింది. మా గూడెంలో జీలుగు కల్లైనా, అడవి తేనైనా పదిమందికీ పంచనిదే నోట పెట్టరు. మాత్రలకూ అదే తీరు. బుద్రక్క పక్కింటి సోంబారి పెద్దమ్మకు గొంతు కింద ఏళ్ళనాటి పెద్ద వాపు. ఒకరోజు వచ్చి బుద్రక్క ముందు చెయ్యి చాపింది.

"నీకు తగ్గింది కదే. నాకో రెండు గోలీలియ్యి."

"నీ వాపుకిది పన్జెయ్యదు పెద్దమ్మా. పేనం మీదికొత్తాది."

"ఉప్పు పంచినావు, జొరం బిల్లలు పంచినావు. బతికే మందు కాడికొచ్చీసరికి దాసుకున్నావా?"

ఆ మాట గూడెమంతా పాకింది. ఆ ఏడు, కొత్త పంటను ఇంటింటికీ పంచుకునే కొత్తల పండక్కి, బుద్రక్క ఇంటికి ఎవరూ కొత్త సామల కూడు పంపలేదు. ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కరోజే. మర్నాడు మాత్రం తనే సోంబారి పెద్దమ్మను జీపెక్కించి పాడేరు తీసుకెళ్ళి పరీక్షలన్నీ చేయించింది. ఆమెది మామూలు వాపేనని తేలితే, తన రోగమే నయమైనంతగా పొంగిపోయింది.

రెండో ఏడు గోళీలు పనిచెయ్యడం మానేశాయి. రోగం మందుకు లొంగని దారి వెతుక్కుందన్నారు డాక్టరు. వేరే మందు అందేలోపే, వానాకాలంలో బుద్రక్క పోయింది. ఆ కొత్తల పండక్కి సోంబారి పెద్దమ్మ దొన్నెలో కూడు తెచ్చి గోరీ దగ్గర పెట్టింది. "నీ వొంతు తెచ్చినానే, తిను" అంది. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఇప్పుడు కొత్తగా చేరిన అమ్మాయిలకు నేనూ నా మెడే ఇస్తున్నాను. ఈ పొద్దున ఉప్పు చూసిన ఇంటి అరుగు మీదే ఒకమ్మాయి నా వెనక నిలబడి, వేళ్ళు ఆనించి ఆగిపోయింది.

"ఏదో తగిలినట్టుందక్కా... కాదేమోలే" అంది.

కొండోళ్ళ మెడలింతే అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నవ్వలేదు. "కాదేమో అనకు, మళ్ళీ సూడు" అని చెంబెత్తి ఇంకో గుటక వేశాను.