జానయ్య సారు పొట్టి అడుగులు

ఖాళీ జాగా కనిపిస్తే చాలు, జానయ్య సారు దాన్ని అడుగులేసి కొలవకుండా ఉండలేడు. కొందరికి పేకాట, కొందరికి నస్యం, ఆయనకిది. అదీ మామూలుగా కొలవడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి, గుబురు మీసాలు, మెడలో ఈల. తల వంచుకుని కొత్తపెళ్ళికూతురిలా పొట్టి పొట్టి అడుగులు వేసుకుంటూ, పెదవులు కదుపుతూ పోయేవాడు. మధ్యలో ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. లెక్క తప్పితే వెనక్కి వెళ్ళి మొదటి నుంచి మొదలుపెట్టేవాడు.

దిల్‌సుఖ్‌నగర్ దగ్గరి కొత్తపేటలో ఓ సందు చివరనున్న మా గిలాదు హైస్కూల్లో ఆయన డ్రిల్లు మాస్టారు. నేను తెలుగు చెప్పి, పాటలు నేర్పించేదాన్ని.

మా స్కూలుకు గ్రౌండుందంటే ఉంది. పిల్లలు బారులు తీరి ప్రార్థన చేస్తే, చివరి వరుస గేటు బయట ఉండేది. లాంగ్‌జంప్ చెయ్యాలంటే ఏడో తరగతి బి సెక్షన్లో పరుగు మొదలుపెట్టి, తలుపు దాటి గుంటలో దూకాలి. ఏడో తరగతి వాళ్ళు లెక్కలు చేసుకుంటూనే కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చేవారు. ఇనుపగుండు విసిరితే పక్కింటి కోటేశ్వరమ్మ గారి డాబా మీద వడియాల్లో పడేది. ఆవిడ చేటతో తెచ్చి అప్పగించేది. ఈటె మాత్రం హెడ్‌మిస్ట్రెస్ అరుణమ్మ గారు నిషేధించారు.

ఆ గ్రౌండులోంచే జానయ్య సారు జిల్లా కప్పులు తెచ్చాడంటే నేను ఇప్పటికీ నమ్మలేను. బీరువా నిండిపోయి, ఒక కప్పులో సుద్దముక్కలు, ఇంకో కప్పులో సేఫ్టీ పిన్నులు వేసుకునేవాళ్ళం.

ఆయన కొలతలకు వేళాపాళా ఉండేది కాదు. ఓ ఆదివారం చర్చిలో పాస్టరు గారు వాక్యం చెబుతుంటే, తలుపు దగ్గర నుంచి పాటల బృందం నిలబడే చోటికి మధ్య దారిలో బయల్దేరాడు. పశ్చాత్తాపంతో వస్తున్నాడేమోనని పాస్టరు గారు రెండు చేతులూ చాపారు.

"ముప్పై ఒకటి," అన్నాడు జానయ్య సారు, వెనక్కి తిరిగి.

మా గృహప్రవేశానికి వచ్చినప్పుడు నేను కుంకుమ పళ్ళెం పట్టుకుని ఎదురెళితే, "జర పక్కకు జరుగుండ్రి మేడం," అని గేటు నుంచి హాలు దాకా కొలుచుకుంటూ వచ్చాడు.

"పంతొమ్మిది. నడుమ మూడు మెట్లు," అని చెప్పి భోజనానికి కూర్చున్నాడు.

"మీ సారు ఇల్లు కొనేలా ఉన్నాడే!" అన్నారు మావారు.

ఇంతలో తెలంగాణ ఉద్యమం ముదిరింది. రెండు వేల పదకొండులో వారానికో బంద్. మాది తెనాలి; బంద్ అంటే మాకు గుండెల్లో దడ. జానయ్య సారుది నల్గొండ జిల్లా పల్లెటూరు. ఆయన బంద్ కబురును పండగ కబురులా మోసుకొచ్చేవాడు.

"మేడం, రేపు బంద్! దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒక్క బండి తిరగదు!"

"తెలంగాణ వస్తుందనా అండీ మీకీ సంబరం?"

"తెలంగాణ ఎట్లయిన ఒస్తది మేడం. గంత ఖాళీ రోడ్డు మళ్ళ దొర్కుతదా?"

ఆ ఏడే స్కూలుకు పాతికేళ్ళు. అరుణమ్మ గారి తల్లి, మేమంతా పెద్ద టీచరమ్మ అని పిలుచుకునే ఆవిడ, లాంతరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పదకొండు మంది పిల్లల్ని పోగుచేసి, రేకుల షెడ్డులో మొదలుపెట్టిన బడి ఇది. ఆ కథ నాటకంగా రాసి, క్రిస్మస్‌కు వేయించమని నాకు అప్పజెప్పారు.

పెద్ద టీచరమ్మ వేషం తనకివ్వమని తొమ్మిదో తరగతి అమల అడిగింది. స్కూల్లో దానంత బాగా పాడేవాళ్ళు లేరు. కానీ పసితనంలో తట్టు పోసి దాని చూపు పోయింది. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలీదు. లాంతరుతో స్టేజీ అంతా తిరుగుతూ పాడాల్సిన వేషం. పడితే?

"నువ్వు తెర వెనక నుంచి పాడమ్మా, ఇంకొకరు నడుస్తారు," అన్నాను.

అది తలూపింది. పక్కనే జానయ్య సారు స్టేజీ మీద ఆ చివరి నుంచి ఈ చివరికి కొలుస్తున్నాడు.

"పద్నాలుగు మేడం!"

"నేనిక్కడ పిల్లకు కాదని చెప్పలేక చస్తుంటే, మీ కొలతలేమిటండీ!" అని కసిరాను. ఆయన ఇటు నుంచి అటు మళ్ళీ కొలవడం మొదలుపెట్టాడు.

వారం తిరక్కుండా మళ్ళీ బంద్. పొద్దున్నే పాలు దొరుకుతాయేమోనని మెయిన్‌రోడ్డు మీదికి వెళ్ళాను. పండ్ల మార్కెట్ నిశ్శబ్దంగా ఉంది. విజయవాడ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి బోసిగా ఉంది. దాని మీద ఇద్దరే మనుషులు, జానయ్య సారూ అమలా, ఒక తువ్వాలు రెండు కొసలూ చెరొకరు పట్టుకుని పరుగెత్తుతున్నారు.

ముందు రోడ్డుకడ్డంగా రాళ్ళు పేర్చి, ఉద్యమం వాళ్ళు నడిరోడ్డు మీద వంట చేస్తున్నారు. వాళ్ళ నాయకుడు లచ్చయ్య గరిటెతోనే ఎదురొచ్చాడు.

"ఏయ్! బంద్ అని తెల్వదా?"

"బంద్ బండ్లకు గదన్నా, కాళ్ళకా?" అన్నాడు జానయ్య సారు రొప్పుతూ. "గీ పిల్లకు కండ్లు గనవడయి. బండ్లుంటే ఎట్ల ఉరుకుతది? ఇసొంటి దినమే ఉరకాలె."

లచ్చయ్య అమలను చూశాడు. రోడ్డును చూశాడు. వెనక్కి తిరిగి అరిచాడు.

"రాళ్ళు తీయుండ్రిరా!"

పొద్దున చెమటోడ్చి పేర్చిన రాళ్ళను వాళ్ళే తీసి పక్కన పెట్టారు. డప్పు కొట్టే ముసలాయన నూరు మీటర్ల అవతల నిలబడి, "నా సప్పుడు దిక్కు రా బిడ్డా!" అని దరువు మొదలుపెట్టాడు.

జానయ్య సారు తువ్వాలు వదిలేశాడు.

అమల ఒక్క క్షణం ఆగింది. తర్వాత పరుగెత్తింది. చెయ్యి చాచకుండా, తడుముకోకుండా, తల ఎత్తుకుని, జడ వెనక్కి ఎగురుతూ డప్పు వైపు నేరుగా వెళ్ళిపోయింది. వంట దగ్గరి ఆడవాళ్ళు అన్నం సంగతి మరచి లేచి నిలబడ్డారు. నేను పాలగిన్నె గుండెకు హత్తుకుని రోడ్డు మధ్యలో బొమ్మలా ఉండిపోయాను.

"పదిహేడు సెకన్లు!" అని జానయ్య సారు గంతులేశాడు. లచ్చయ్య అంతకంటే ఎక్కువ గంతులేశాడు. అన్నం మాడింది.

ఆ మాడిన అన్నమే విస్తళ్ళలో పెట్టారు. నోరు విప్పితే నా యాస బయటపడుతుందని నేను మాట్లాడకుండా తింటున్నాను.

"పప్పుల ఉప్పు సరిపోయిందా అమ్మా?" అన్నాడు లచ్చయ్య.

"కొంచెం తక్కువైందండీ."

"నేను గదే అన్న! ఒక్కలు ఇనలే!" అని ఆయన తన వాళ్ళ మీద విరుచుకుపడ్డాడు.

తింటూ అమలను అడిగాను. "భయం వెయ్యలేదా తల్లీ?"

"సారు ముందుగల్ల కొలిసి పెట్టిండు గద మేడం. అన్నీ గట్లనే చెప్తడు. చర్చిల ముప్పై ఒకటి. మీ ఇంట్ల పంతొమ్మిది, మూడు మెట్లు. గా లెక్క మీదనే ఎవల చెయ్యి పట్టకుండ నడుస్త."

ప్రతి ఆదివారం పాట నేర్చుకోవడానికి వచ్చినప్పుడు అమల మా గేటు నుంచి హాల్లోకి తిన్నగా నడిచి వచ్చేది. తెలివైన పిల్ల అనుకున్నానే తప్ప, ఎలా వస్తోందని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆరడుగుల మనిషి అంత పొట్టి అడుగులు ఎందుకు వేస్తాడని కూడా ఆలోచించలేదు. అవి ఆయన అడుగులు కావు, అమలవి.

"ముందే నాకు చెప్పొచ్చు కదండీ!" అన్నాను జానయ్య సారుతో.

"పిల్ల ఎవలకు చెప్పొద్దన్నది మేడం. తనంతట తానే నడుస్తదని అందరు అనుకోవాలెనట," అని ఆయన పప్పు పోయించుకున్నాడు.

పెద్ద టీచరమ్మ వేషం అమలకే ఇచ్చాను.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం తెర లేచింది. తెల్లచీర, చేతిలో లాంతరు, నోట పాట. అమల ఇంటింటి తలుపూ తడుతూ, పిల్లల్ని పిలుస్తూ స్టేజీ పొడుగునా నడిచింది. అంచు దగ్గర ఆగింది, తిరిగింది, మళ్ళీ నడిచింది. ముందు వరుసలో అరుణమ్మ గారు తన తల్లినే చూస్తున్నట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తెర పక్కన జానయ్య సారు ఒక్కో అడుగుకూ పెదవులు కదుపుతూ, చెమటలు కక్కుతున్నాడు.

చప్పట్ల మధ్య అమల లోపలికి రాగానే ఆయన ఎదురెళ్ళాడు.

"సరిగ్గ పద్నాలుగేనా బిడ్డా?"

"ఏమో సార్. పాట పాడుకుంట లెక్క పెట్టుడు మర్శిపోయిన."

"మర్శిపోయినవా!"

అమల నవ్వుతూ లాంతరు ఆయన చేతికిచ్చి స్నేహితురాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. జానయ్య సారు ఉన్నచోటే కూలబడ్డాడు.

"మేడం," అన్నాడు లాంతరు పక్కన పెట్టి, "జర మంచినీళ్ళుంటె ఇయ్యుండ్రి."