పక్క అంగడాయన "మనం" అన్నాడు

హోసూరు బజారులో నాది స్టీలు సామాన్ల అంగడి. పక్కది మొబైల్ రిపేరు అంగడి. దాన్ని నడిపేవాడు నాకంటే పదేళ్ళు చిన్న. ఇంట్లో కన్నడం, అంగట్లో తమిళం, నాతో తెలుగు మాట్లాడతాడు. ఒక సోమవారం పొద్దున షట్టరు ఎత్తుతూ అన్నాడు: "అన్నా, వచ్చే ఆదివారం మనం కొండెక్కతాండాము. సూళగిరి దాటినాక వస్తుందే, ఆ మొండి కొండ."

సరే అన్నాను. పైకి అంతే, లోపల మాత్రం పండగే. నా భార్య పోయి మూడేళ్ళయింది. ఆదివారం అంగడి మూసేస్తే ఆ రోజంతా నోరు తెరిచే పని ఉండదు. సోమవారం మొదటి బేరానికి గొంతు పెగలదు, దగ్గి సవరించుకోవాలి. అలాంటివాణ్ణి ఒకడు కొండకు రమ్మన్నాడంటే ఎంత సంబరమో, సిగ్గు విడిచి చెబుతున్నాను.

ఆ రోజే బిల్లు పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను: కాన్వాసు బూట్లు, నీళ్ళ సీసాలు, టోపీ, మోకాలికి పట్టీ, ఉడకేసేదానికి చెనక్కాయలు. ఎంతమంది వస్తారో అడగలేదు. కాయలు తక్కువైతే పరువు పోతుందని ఆరుగురికి సరిపడా కొన్నాను. బూట్లు అమ్మినవాడు ఈ వయసులో పరుగు పందేలా అన్నట్టు చూశాడు. చూస్తే చూడనీ అనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం అంగడికి తాళం వేసి, దారి చూసి వద్దామని కృష్ణగిరి బస్సెక్కాను. నన్నెవరూ చూసి రమ్మనలేదు. నాకు నేనే పెద్దరికం నెత్తిన వేసుకున్నాను. సూళగిరిలో దిగి, షేర్ ఆటోలో కొంత దూరం, ఆపైన కాలినడక. దగ్గరికి పోయి చూస్తే ఆ కొండకు మెట్లు లేవు, పైన గుడి లేదు. అన్నీ బండలు, ముళ్ళకంపలు. కింద రాగి చేను గట్టున ఒక అవ్వ మేకలు కాస్తోంది. కంపల మధ్య మేకలు పోయే దారి చూపించి, నా మోకాళ్ళ వైపు ఒకసారి చూసింది.

"ఒంటిగా పోవద్దప్పా. నడిమధ్యలో నున్నటి బండ గుండు ఉంది. ఆడ పైనుంచి ఒగరు చెయ్యి ఇయ్యాల. లేకుంటే కాలు నిలవదు."

"ఒంటిగా కాదవ్వా, మేము ఐదారు మందిమి వస్తాము" అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత బాగుండిందో! తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, గుండు దగ్గర ముందు ఎవరెక్కాలో కూడా తేల్చేశాను. పక్క అంగడాయన ముందు ఎక్కుతాడు. నాకు చెయ్యి అందిస్తాడు.

శనివారం సాయంత్రం, రేపు ఎన్ని గంటల బస్సు అని అడిగాను. అతను చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"మీరూ వస్తారా అన్నా?"

బావమరుదులతో కలిసి పోతున్నాడట. ఆ సంగతే నాకు చెప్పాడట, అంతే. తెలుగులో మనం అంటే వినేవాడు కూడా లోపలే, మేము అంటే వాడు బయట. కన్నడంలో రెండింటికీ ఒకటే మాట, నావు. అందుకే తెలుగు మాట్లాడేటప్పుడు అతనికి ఏది నోటికొస్తే అది. ఇది నాకు తెలియనిదా? వెనకొకసారి "మన ఇంటామె ఊరికి పోయింది" అన్నప్పుడు, మా ఇంటామె అనప్పా, నన్నెందుకు కలుపుతావు అని బజారంతా నవ్వేలా ఆట పట్టించింది నేనే. అప్పుడు దిద్దినవాణ్ణి ఈసారి ఎందుకు దిద్దలేదు? ఆ తప్పు నాకు కావాల్సి వచ్చింది.

పాపం, అతను రండి రండి అని చాలాసార్లు అన్నాడు. మొహమాటానికి పిలిచే పిలుపు నాకు తెలియదా? మోకాలు బాగాలేదని చెప్పి తాళం వేసుకుని వచ్చేశాను. ఆ చెనక్కాయలు ఉడకేసుకుని మూడు రోజులు తిన్నాను. సోమవారం అతను ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. గుండు దగ్గరిది కూడా ఉంది. అతను కింద నిలబడి చెయ్యెత్తాడు, పైనుంచి ఒక చెయ్యి కిందికి వస్తోంది. బాగుంది అన్నాను. లోపల మండిపోయింది.

ఆ మంటతోనే, తరువాతి ఆదివారం కొత్త బూట్లు వేసుకుని ఒక్కడినే బయలుదేరాను. అవ్వ అదే గట్టున ఉంది. నన్ను గుర్తుపట్టి, నా వెనక దారి వైపు చూసింది.

"యాడప్పా మీవాళ్ళు?"

"ముందే పోయినారవ్వా."

అబద్ధమని కూడా అనలేను. ఒక వారం ముందే పోయారు.

"అయితే బిన్నా పో నాయనా" అంది అవ్వ. "గుండు కాడ చెయ్యి ఇచ్చేదానికి కాచుకోనుంటారు."

ఆమె చూస్తోంది కదా, నేను గబగబా నడిచాను.