అతుకులావిడ మొదటి కుండ

మా పురావస్తుశాల వెనకగదిలో ముప్పయ్యేళ్లు కుండపెంకులు కడిగి అతికించిన మనిషిని అందరూ అతుకులావిడ అనేవాళ్లు. నేను అక్కా అనేదాన్ని. నాది పక్క బల్ల, పెంకుల బొమ్మలు గీసే పని.

ఆ పెంకులన్నీ ఎగువ కొండల్లో, నది ఒడ్డున తవ్వకాల్లో బయటపడ్డ పల్లెవి. రాత పుట్టకముందు బతికినవాళ్లవి. అక్కకు భర్త పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. పెంకులతోనే కబుర్లు. "ఏమే, నీ జత ఎక్కడే?" అని అడుగుతుంటే నాకు ఒళ్లు మండేది.

"మనుషులతో మాట్లాడొచ్చుగా అక్కా!"

"వీళ్లయితే మధ్యలో లేచిపోరులే."

రిటైరయ్యే వారంలో ఆమెకో పెంకు దొరికింది. పగులు అంచున, కాల్చాక తొలిచిన సన్నని చిల్లు.

"చూడు, పగిలిందని పారెయ్యలేదు! తాడుతో కుట్టి వాడుకుంది ఆ కాలపు మహాతల్లి. నాలాంటిదే!" అని మురిసిపోయింది.

ఆఫీసరు పెదవి విరిచాడు. "ఒక్క చిల్లుతో ఏం తేలుతుందమ్మా? పగులుకి అవతల రెండోది చూపించు. లేకపోతే సోమవారం పనికిరాని పెంకులతోపాటు ఇదీ పూడ్చే గుంటలోకే."

నాలుగు రోజులు నలభై గోనెసంచులు తిరగేసింది. అయిదోరోజు ముందు హాల్లో, అద్దాల పెట్టె దగ్గర నిలబడిపోయింది. అందులో ఉన్నది ఆమె అతికించిన మొదటి కుండ. మెడ దగ్గర పెంకు దొరకనిచోట ప్లాస్టర్ నింపింది.

"చెల్లీ, ఆ ఖాళీ పక్కనే చిన్న చిల్లుండేది. తవ్వేటప్పుడు గునపం తగిలిందనుకుని పూడ్చేశాను. భలే కుదిరిందని చప్పట్లు కూడా కొట్టారే!"

"ఎవరికి తెలుసు? ఊరుకో. పోయేముందు మంచిపేరు పాడుచేసుకుంటావా?"

"ఇంటికెళ్లి ఏం చెయ్యను, ఆ మంచిపేరుతో కబుర్లాడనా?"

ఆఫీసరు ఎదుటే తప్పు ఒప్పుకుంది. ప్లాస్టర్ తడిపి, సూదితో గీకి తీసింది. పెంకు సరిగ్గా కూర్చుంది. పగులుకి అటొకటి, ఇటొకటి, రెండు చిల్లులు. ఆఫీసరు రిజిస్టరులో రాసుకున్నాడు.

చివరిరోజు టీ తాగి అందరూ వెళ్లిపోయారు. అక్క మాత్రం ఆ పెట్టె ముందే ఉంది.

"ఇన్నేళ్లూ నా ఎదురుగానే ఉంది. నేనే పలకరించలేదు," అని ఏడ్చేసింది.

ఇరవయ్యేళ్లు పక్క బల్ల మీద పనిచేశాను, ఒక్కసారైనా వాళ్లింటికి వెళ్లానా? ఆమె వెళ్లి నెలైంది. ఆమె ఇల్లెక్కడో కూడా నాకు తెలియదు. పొద్దుటినుంచి ఆఫీసు పాత రిజిస్టర్లలో అడ్రసు వెతుకుతున్నాను.