గౌరికి మదమెక్కిందన్నారు

నిరుడు పార్వతీపురం దగ్గర ఒక ఊరికి వెళ్ళాను. ముందురోజు ఏనుగులు దిగిన తోట. చితికిన అరటి బోదెల పచ్చి వాసన, దాని మీద టపాకాయల మందు కంపు. ఏనుగులు వచ్చిపడిన ఊళ్ళకు వెళ్ళి, జనాన్ని కాస్త వెనక్కి తగ్గమని బతిమాలడమే చాలా ఏళ్ళుగా నా పని. ఏనుగులు తొందరగానే సర్దుకుంటాయి, జనమే మాట వినరు. తోట తాలూకు కుర్రవాడు ఎదురొచ్చి, “ముందు నడిచేదానికి మదమెక్కిందండీ, కాల్చెయ్యాల్సిందే” అన్నాడు. ముందు నడిచేది ఆడ ఏనుగు, వెనక పిల్ల ఉంది. ఆ మాట చెవిన పడగానే నాకు మా పశువుల డాక్టరు సదాశివం గారు గుర్తొచ్చారు. ఆయన గుర్తొచ్చినప్పుడల్లా ముందు సిగ్గు, ఆ తర్వాతే గౌరవం.

డెబ్బైల మొదట్లో ఆయన మా ఊరి పశువుల ఆసుపత్రిలో పనిచేసేవారు. గన్నవరం దాటాక, ఏలూరు కాలువ పక్కన మా ఊరు. గేదె ఈనలేక అవస్థపడుతుంటే చొక్కా విప్పి, భుజం దాకా చేయి పెట్టి దూడను బయటికి లాగేవారు. అదే చేత్తో మా ఇంట్లో కాఫీ తాగుతారని మా నాయనమ్మ ఆయన గ్లాసు వేరుగా బోర్లించేది. అది ఆయనకు తెలుసు. తాగాక తనే కడిగి పక్కన పెట్టేవారు. మా నాన్న సర్పంచి. సాయంత్రాలు ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని ఊరి సంగతులూ దేశం సంగతులూ మాట్లాడుకునేవారు. వాళ్ళది స్నేహమనే నేను అనుకునేదాన్ని.

నాకప్పుడు పన్నెండేళ్ళు. నిద్రలో ఉలిక్కిపడి ఏడ్చేదాన్ని. ఏనుగు తోక వెంట్రుకను ఉంగరంలా చుట్టి వేలికి పెడితే దడుపు పోతుందని మా వైపు నమ్మకం. ఆ ఎండాకాలంలో గౌరి అనే ఏనుగును తోలుకుని ఒక మావటి విజయవాడ వెళుతూ మా కాలువ గట్టున ఆగాడు. ఊరు ఊరంతా పళ్ళు, కొబ్బరికాయలు పట్టుకెళ్ళి “గౌరమ్మ తల్లీ” అని దండాలు పెట్టింది. నాన్న వెంట్రుక అడిగాడు. ఊడినది ఉంటే ఇస్తానుగానీ పీకనివ్వనని మావటి చెప్పాడు. సర్పంచి గారికి కాదనిపించుకోవడం అలవాటు లేదు. మావటి స్నానానికి కాలువలో దిగాక, మా పాలేరు పోలయ్య చేతికి పట్టకారు ఇచ్చి పంపాడు.

వెంట్రుక లాగగానే గౌరి గిర్రున తిరిగింది. ఆ విసురుకు పోలయ్య గట్టు మీద పడ్డాడు, దాని కాలు తగిలి అతని కాలు విరిగింది. కేకలకు బెదిరిపోయి అది పక్కనున్న అరటితోటలోకి దూసుకుపోయింది. జనం డబ్బాలు వాయిస్తూ, రాళ్ళు విసురుతూ తోట చుట్టూ మూగారు. పొద్దున తల్లీ అన్న నోళ్ళే మధ్యాహ్నానికి మదమెక్కిందన్నాయి. పడుతూ కూడా పోలయ్య గుప్పిట విప్పలేదట. అతణ్ణి బండి మీద గన్నవరం ఆసుపత్రికి పంపించి, ఆ గుప్పిట్లోంచి తీసిన వెంట్రుకను నాయనమ్మ పసుపునీళ్ళలో ముంచి నా వేలికి చుట్టింది.

తుపాకులతో పోలీసులొచ్చారు. కాల్చాలంటే మాత్రం డాక్టరు రాసివ్వాలన్నారు. సదాశివం గారు ముందు ఏనుగు దగ్గరకు వెళ్ళలేదు, మా దగ్గరకు వచ్చారు. దారికి అడ్డంగా సైకిలు పడేసి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి వెనక్కి పంపారు. చప్పుడు ఆగిన కాసేపటికి గౌరి తనంతట తనే నిలబడిపోయింది. అప్పుడు మావటితో కలిసి లోపలికి వెళ్ళి దాన్ని చూసొచ్చారు.

మా అరుగు మీద అందరూ కూర్చున్నారు. నేను మజ్జిగ తెచ్చాను.

“మదమెక్కిందని ఒక ముక్క రాసి పడేయండి డాక్టరు గారూ” అన్నాడు నాన్న.

“ఆడ ఏనుగుకి మదం పట్టదండీ. అది బెదిరింది.”

“దేనికి బెదిరిందంటారు?” అని అడిగాడు పోలీసాయన.

నేను అందించిన గ్లాసు పట్టుకోబోతూ డాక్టరు గారు నా వేలు చూశారు. పసుపు ఇంకా ఆరలేదు. ఆయన చూడడం నేను చూశాను, నాన్నా చూశాడు.

“అది నేను చెప్పలేనండి. మదం మాత్రం కాదు. నేను రాయను” అన్నారు.

మర్నాడు పొద్దున్నే మావటిని, గౌరిని వెంటబెట్టుకుని, ఎవరూ రాయి విసరకుండా తను ముందు సైకిలు నడిపించుకుంటూ, కాలువ గట్టంట విజయవాడ దాకా వెళ్ళి దిగబెట్టి వచ్చారు. ఆయన తిరిగొచ్చేసరికి మావటి ఆయన చేయి తడిపాడని ఊళ్ళో అనుకుంటున్నారు. నాన్న ఆ మాట పుట్టించాడో లేదో నాకు తెలియదు, కాదని మాత్రం ఎక్కడా అనలేదు. అరుగు మీది కబుర్లు ఆగిపోయాయి. పశువులకు జబ్బు చేస్తే పక్క ఊరి నాటువైద్యుణ్ణి పిలిచేవారు. అవి చచ్చిపోతే ఆ పాపమూ డాక్టరుకే అంటగట్టేవారు. చివరికి ఆయనకు బదిలీ అయింది. సామాను బండి మా ఇంటి ముందు నుంచే పోయింది. మా తలుపులు మూసి ఉన్నాయి.

డెబ్బైల చివర నేను విజయవాడలో కాలేజీలో చేరాక ఆయన రిటైరై వన్ టౌన్‌లో ఉంటున్నారని తెలిసింది. వెతుక్కుంటూ వెళ్ళాను. మిరపకాయల గోడౌన్ల వెనక సందులో రెండు గదుల వాటా, దారి పొడుగునా తుమ్ములే. చెప్పవలసిన మాటలన్నీ బస్సులో కూడగట్టుకున్నాను. ఒక్కటీ వరసగా రాలేదు. ఆ ఉంగరం సంగతి చెప్పేసి ఉంటే మీకు ఆ చెడ్డపేరు వచ్చేది కాదు కదండీ అన్నాను.

“చెబితే ఊరంతా నిన్ను ఆడిపోసుకునేదమ్మా. ఈ పిల్ల కోసమే గదా పోలయ్య కాలు విరగ్గొట్టుకున్నాడు అని నిన్ను పెళ్ళిదాకా దెప్పేవాళ్ళు. గౌరి అంటే నడిచి వెళ్ళిపోయింది. నువ్వు అక్కడే పెరగాలి. నాకేముంది, ఈ ఊరు కాకపోతే ఇంకో ఊరు.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన కాఫీ ఇచ్చారు. నాన్న ఆరోగ్యం అడిగారు, నాయనమ్మ గురించి అడిగారు. తర్వాత మామూలుగా, “పోలయ్య కాలు సరిగ్గా అతుక్కుందా?” అన్నారు.

నాకు తెలియదు. దెబ్బ తగిలాక అతను మళ్ళీ మా పనికి వచ్చాడో లేదో కూడా గుర్తు లేదు. డాక్టరు గారికి జరిగిన అన్యాయం తలుచుకుని ఇన్నేళ్ళూ కుమిలిపోయినదాన్ని, అతని గురించి ఒక్క పూట ఆలోచించలేదు. ఆ శనివారమే ఊరికి వెళ్ళాను. నాన్న అన్నం తింటున్నాడు. పోలయ్య ఇప్పుడెక్కడున్నాడు నాన్నా అని అడిగాను.

ముద్ద కలుపుతూ తలెత్తాడు. “ఏ పోలయ్య?”

మాలపల్లిలో అడిగితే, కుంటికాలితో పొలం పనికి పనికిరాక పెళ్ళాం పిల్లలతో ఎటో వెళ్ళిపోయాడన్నారు. ఎటు వెళ్ళాడో ఎవరూ చెప్పలేకపోయారు. ఇప్పుడు నేను ఏ ఊరికి వెళ్ళినా, ఏనుగు ఎటు పోయిందని అడగబోయే ముందు దెబ్బ తగిలినవాళ్ళ ఇల్లు ఎక్కడని అడుగుతాను. ఆ ఇంటికి వెళ్ళి కూర్చుంటాను. నేను మంచిదాన్నని వాళ్ళనుకుంటారు.